ఇంగ్లీషులో దీర్ఘపదములు - పదక్రీడలు



ఈనాటి ప్రసంగమునకు విషయమును మాకు అందించినవాడు మా మేనల్లుడు. వేసవి సెలవులకు మా యింటికి వచ్చిన ఆ బాలుడు ఒకనాటి సాయంకాలము మాతో స్క్రాబుల్ అను పదక్రీడ ఆడుచు, 'క్యూ', 'ఐ' అను రెండక్షరముల బిళ్ళలను ప్రక్కప్రక్కన పెట్టి, తనకు పదకొండు పాయింట్లు వ్రాయుమనెను.

"ఇదేమి మాటరా?" అని అడిగితిమి.

"దీన్ని 'చీ' అనాలి, మామయ్యా. డిక్షనరీలో ఉంది."

"అర్థమేమి?"

"అర్థంతో ఆటకేం పని? డిక్షనరీలో ఉంటే చాలదూ!"

నిఘంటువు తీసి చూచితిమి. పదము ఉన్నది. చైనావారి తాత్త్వికచింతనలో దానికి ప్రాణశక్తి యని అర్థము. పాయింట్లు వ్రాసికొనక తప్పలేదు. కాని బాలుడు వేసిన ప్రశ్న మాత్రము మమ్ములను విడువలేదు. మాటలను నమ్ముకొని బ్రతుకువారము మేము. మైక్రోఫోను ముందు కూర్చుండి, అప్పుడే చేతికి వచ్చిన కాగితములోని కఠినపదమును తడబడక చదివి, 'గండము గడచినది' అని ఊపిరి పీల్చుకొనువారము. ఆ పదమునకు అర్థము మాకు తెలిసియే చదివితిమా అని ఎవరైన నిలదీసినచో, ప్రతిసారియు అవునని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. కావున ఆ బాలుని ప్రశ్న మాకును వర్తించునదే. దానికి సమాధానము వెదకుచు సేకరించిన సంగతులను కొన్నింటిని ఈనాడు మనవి చేసెదము.

మొదట ఈ ఆటల పుట్టుకను గూర్చి రెండు మాటలు. గడులలో అక్షరములు నింపు క్రాస్‌వర్డ్ అను ఆటను లివర్‌పూలులో పుట్టి అమెరికాకు వలస వెళ్ళిన ఆర్థర్ విన్ అను పాత్రికేయుడు కల్పించెను. 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్క్ వరల్డ్ అను పత్రిక ఆదివారపు అనుబంధములో అది మొదటిసారి అచ్చుపడినది. ఆకారము వజ్రము వంటిది. ఆయన దానికి పెట్టిన పేరు 'వర్డ్‌-క్రాస్'. తరువాత ఆ రెండు మాటలును తారుమారై క్రాస్‌వర్డ్ అని స్థిరపడినది.

స్క్రాబుల్ కథ ఇంతకంటె చిత్రమైనది. ఆల్ఫ్రెడ్ బట్స్ అను అమెరికా వాస్తుశిల్పి 1930ల ఆర్థిక సంక్షోభములో ఉద్యోగము పోగొట్టుకొనెను. ఇండ్లు కట్టించువారు లేరు. నమూనాలు గీయుటకు పని లేదు. ఆయన వార్తాపత్రికను ముందు వేసికొని, అందలి మొదటి పుటలో ఏ అక్షరము ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించుచు కూర్చుండెను. ఆ లెక్కయే ఆటకు పునాది. ఎక్కువగా వచ్చు 'ఈ' అను అక్షరమునకు పండ్రెండు బిళ్ళలు, విలువ ఒక్క పాయింటు. అరుదుగా వచ్చు 'క్యూ', 'జెడ్' అను వానికి ఒక్కొక్క బిళ్ళ, విలువ పదేసి పాయింట్లు. 'ఎస్' అను అక్షరము ఇంగ్లీషులో విరివిగా వచ్చునదే యైనను దానికి నాలుగు బిళ్ళలే యిచ్చెను. ఏలనన, ప్రతి మాటకును చివర 'ఎస్' తగిలించి బహువచనము చేసికొను సులభోపాయమును అరికట్టవలెను గదా! ఖాళీ బిళ్ళలు రెండింటితో కలిపి మొత్తము నూరు. 1948లో జేమ్స్ బ్రూనో అను నాతడు ఈ ఆటను చేపట్టి స్క్రాబుల్ అను పేరు పెట్టెను. చేతులతో తడుములాడుట, గీరుట అని ఆ మాటకు అర్థము. సంచిలో చేయి పెట్టి బిళ్ళలకై తడుములాడు ఆటకు అది తగిన పేరే. ఆరంభములో ఈ వ్యాపారము నష్టములతోనే నడచినను, 1950ల తొలినాళ్ళలో ఆట ఒక్కసారిగా ఇంటింటికి ప్రాకినది.

ఇక దీర్ఘపదముల సంగతి. ఆట నేర్చువారు మొదట పడు పొరపాటు ఒకటి కలదు. ఎంత పొడుగు మాట వచ్చిన అంత మేలని వారు తలంతురు. స్క్రాబుల్ బల్లపై అడ్డముగ పదునైదు, నిలువుగ పదునైదు, మొత్తము 225 గడులున్నవి. పదునైదక్షరములు మించిన మాట ఆ బల్లపై పట్టనే పట్టదు. ఆటగాని చేతిలో ఉండునవి ఏడు బిళ్ళలు. కావున ఆటలో నిజముగా లాభించు 'దీర్ఘపదము' ఏడెనిమిది అక్షరములది. ఏడు బిళ్ళలను ఒక్కసారి దింపగలిగినచో ఏబది పాయింట్లు అదనము.

ఒక ఉదాహరణము. 1982లో మాంచెస్టరు నగరమున కార్ల్ ఖోష్నా అను ఆటగాడు 'కజీక్స్' అను ఎనిమిదక్షరముల మాటతో ఒక్క ఎత్తులో 392 పాయింట్లు గడించెను. ఎట్లు? ఆ ఎనిమిది అక్షరముల విలువ కలిపిన 28. అందు 'క్యూ' అక్షరము విలువను రెట్టింపు చేయు గడిలో పడినది; మొత్తము 38 అయినది. మాట రెండు కొసలును, పదమంతటి విలువను మూడురెట్లు చేయు గడులను తాకినవి. మూడు మూళ్ళు తొమ్మిది. 38ని తొమ్మిదితో హెచ్చింపగా 342. ఏడు బిళ్ళలు దింపినందుకు మరి ఏబది. మొత్తము 392. ఈ కజీక్ అను మాట వెస్టిండీస్ దీవుల ఆదివాసుల భాషనుండి స్పానిషు మీదుగా ఇంగ్లీషులోనికి వచ్చినది. తెగనాయకుడని అర్థము. ఆ తెగలలో అనేకములు స్పానిషువారి పాలనలో రూపుమాసిపోయినవి. వారి నాయకుని బిరుదు మాత్రము ఆటబల్లపై మిగిలినది.

2006లో అమెరికాలో మైకేల్ క్రెస్టా అను నాతడు 'క్విక్సట్రీ' అను మాటకు 365 పాయింట్లు పొందెను. అందును ఇదే గణితము: 27కు 'ఎక్స్' రెట్టింపు వలన ఎనిమిది చేర్చిన 35, తొమ్మిది రెట్లు 315, ఏబది కలిపిన 365. సెర్వాంటిజ్ నవలలో గాలిమరలను రాక్షసులని భ్రమించి యుద్ధమునకు పోయిన డాన్ కిహోటే పేరునుండి పుట్టిన మాట యిది. సాధ్యాసాధ్యములు ఎరుగని ఆదర్శావేశము అని భావము.

పదునైదు గడుల వరుసను సరిగా నింపు మాటలలో రెండు విశేషమైనవి. ఒకటి 'అన్‌కాపీరైటబుల్', గ్రంథస్వామ్యపు హక్కు పొందుటకు వీలులేనిది అని అర్థము. రెండవది 'డెర్మటోగ్లిఫిక్స్'. గ్రీకున డెర్మ యనగా చర్మము, గ్లిఫ్ యనగా చెక్కడము. వ్రేళ్ళ కొనలందు, అరచేతులయందు ప్రకృతి చెక్కిన గీతలను గూర్చిన శాస్త్రమిది. ఈ రెండు మాటలలోను పదునైదేసి అక్షరములున్నను, ఏ అక్షరమును రెండవసారి రాదు. ఈ శాస్త్రమునకు ఆ పేరు 1926లో వచ్చినది గాని, అంతకు చాల ముందే, 1897లో, వ్రేలిముద్రల కార్యాలయము మన దేశమున కలకత్తాలో వెలసినది. ముద్రలను వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇద్దరు భారతీయులు పాటుపడిరి.

చిన్న చిన్న వింతలు గల పదములును ఆటగాండ్రకు ఉపయోగపడును. 'ఫెసీషస్', 'అబ్‌స్టీమియస్' అను మాటలలో ఇంగ్లీషు అచ్చులైదును తమ వర్ణక్రమములోనే వచ్చును. మొదటిదానికి సమయమెరుగని పరిహాసము చేయునట్టి అనియు, రెండవదానికి తిండి త్రాగుడులలో మితము పాటించునట్టి అనియు అర్థములు. 'రిథమ్స్' అను మాటలో ఏడక్షరములున్నను ఆ ఐదు అచ్చులలో ఒక్కటియు లేదు. 'స్ట్రెంగ్త్స్' అను తొమ్మిదక్షరముల మాటలో అచ్చు ఒక్కటే. చేతిలో అన్నియు హల్లులే మిగిలినపుడు ఇట్టి మాటలు ఆదుకొనును. 'బుక్‌కీపర్' అను మాటలో మూడు జంట అక్షరములు వరుసగా వచ్చును; జమాఖర్చులు వ్రాయు గుమాస్తాయని మనకు తెలిసినదే.

ఇవన్నియు ఆటకు పనికివచ్చునవి. బల్లపై పట్టక, నోట పలుకుటకే పుట్టినవా అనిపించు మహాపదములు వేరే కలవు. వానిని చూచి భయపడ నక్కరలేదు. చిన్ననాడు మన తెలుగు పంతులుగారు సమాసమును విడదీసి విగ్రహవాక్యము చెప్పించెడివారు గదా! ఆ ఉపాయమే ఇక్కడను పనిచేయును.

'యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజమ్' అను మాట చూడుడు. ఇరువదియెనిమిది అక్షరములు. 1955లో అమెరికా టెలివిజనులో జరిగిన ఒక ప్రశ్నల పోటీలో పండ్రెండేండ్ల బాలిక దీని వర్ణక్రమమును తప్పులేక చెప్పి ఆ దేశమును ఆశ్చర్యపరచినది. దీనిని లోపలినుండి విప్పవలెను. 'ఎస్టాబ్లిష్' అనగా స్థాపించుట, తొమ్మిదక్షరములు. 'మెంట్' చేరగా స్థాపన, పదుమూడు. ఇచ్చట స్థాపన యనగా ఇంగ్లండులో క్రైస్తవ సంఘమునకు ప్రభుత్వ మతముగా నున్న ప్రతిపత్తి. ముందు 'డిస్' చేరగా ఆ ప్రతిపత్తిని తొలగించుట, పదునారు. 'ఏరియన్' చేరగా అట్లు తొలగించవలెనను వాడు, ఇరువదియొకటి. 'యాంటీ' చేరగా వానిని వ్యతిరేకించువాడు, ఇరువదియైదు. 'ఇజమ్' చేరగా ఆ వాదము, ఇరువదియెనిమిది. ఇది వట్టి మాటల గారడి కాదు. ఐర్లండులో అధికమంది కాథలిక్కులు. ప్రభుత్వమతము మాత్రము వేరొక శాఖది. 1869లో చట్టము చేసి ఆ ప్రతిపత్తిని అక్కడ తొలగించిరి. వేల్సులో 1914లో చట్టమై 1920లో అమలునకు వచ్చినది. ఒక మతమునకు రాజ్యము కొమ్ముకాయవలెనా అను పెద్ద ప్రశ్న ఈ ఒక్క మాటలో ముడివడి యున్నది. అర్థము తెలియనిచో ఇది కేవలము ఇరువదియెనిమిది అక్షరముల బరువు.

ఇరువదితొమ్మిది అక్షరముల మాట యొకటి: 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్'. 1741లో విలియం షెన్‌స్టన్ అను ఆంగ్లకవి వ్రాతలో కనిపించుచున్నది. లాటిను చదువుకొను విద్యార్థులు వ్యాకరణమునందలి నాలుగు మాటలను గ్రుచ్చి చేసిన హాస్యమిది. ఫ్లాకస్ యనగా ఉన్నిపోగు. నాకమ్ యనగా పనికిరాని పెంకు. నిహిల్ యనగా ఏమియు లేమి. పైలస్ యనగా వెంట్రుక. వీనితో సమానముగా ఎంచుట, అనగా దేనినైనను విలువలేనిదిగా తీసివేయుట అని అర్థము. అయ్యా, దీనికై మనము ఇరువదితొమ్మిది అక్షరముల దూరము పోనక్కరలేదు. మనవారు గడ్డిపరకను తీసికొని 'తృణీకరించుట' అనిరి. ఉన్నిపోగు వారిది, గడ్డిపరక మనది, భావమొక్కటే.

మాటనుండి అర్థము జారిపోయి అక్షరములే మిగిలినపుడు ఎంత దూరము పోవచ్చునో చెప్పు కథ యొకటి కలదు. షేక్స్పియరు 'లవ్స్ లేబర్స్ లాస్ట్' అను నాటకములో విదూషకప్రాయుడగు ఒక పల్లెటూరివాడు 'ఆనరిఫికాబిలిటూడినిటాటిబస్' అను ఇరువదియేడక్షరముల లాటిను మాటను పలుకును. గౌరవమునకు తగియుండు స్థితియని స్థూలార్థము. హల్లు ఒకటి, అచ్చు ఒకటి, తుదివరకు ఈ క్రమము తప్పదు. పండితమ్మన్యుల డాంబికమును గేలిచేయుటకే కవి దానిని వాడెను. 1910లో ఎడ్విన్ డర్నింగ్-లారెన్స్ అను నాతడు ఈ అక్షరములనే అటునిటు త్రిప్పి, 'ఈ నాటకములు ఫ్రాన్సిస్ బేకన్ సంతానము' అను భావము వచ్చు లాటిను వాక్యమును కూర్చి, షేక్స్పియరు నాటకములు షేక్స్పియరువి కావని నిరూపించితి ననుకొనెను. ఇరువదియేడు అక్షరములు చేతికిచ్చి తగిన తీరికయు ఇచ్చినచో, ఎవరైన దేనినైన నిరూపింపవచ్చును. డాంబికమును వెక్కిరించు మాట చివరకు డాంబికమునకే సాధనమైనది.

ఇప్పుడు మా మేనల్లుని ప్రశ్నకు వత్తము. అర్థముతో ఆటకేమి పని? వాని పక్షమున గట్టి సాక్షి యొకడు కలడు. న్యూజీలండుకు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఇంగ్లీషు స్క్రాబుల్‌లో పలుమార్లు ప్రపంచ విజేత. ఆయన 2015లో ఫ్రెంచి భాషలో జరిగిన ప్రపంచ పోటీలో గెలిచెను. ఆయనకు ఫ్రెంచిలో మాటలాడుట రాదు. కొద్దివారముల కాలములో ఆటకు సంబంధించిన ఫ్రెంచి పదపట్టికను కంఠస్థము చేసెను. 2024లో స్పానిషులోను అట్లే గెలిచెను. అది అసామాన్యమైన ధారణ. దానిని తృణీకరించు తలంపు మాకు లేదు. అవధానులను గౌరవించిన జాతి మనది. కాని మన అవధానములో నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి అను అంశములను తలచుకొనుడు. ఈ అక్షరము రాకూడదని, ఆ అక్షరము ఇచ్చటనే రావలెనని పృచ్ఛకుడు నిర్బంధించును. అయినను తుదకు పద్యము అర్థవంతము కాకున్న సభ ఒప్పుకొనదు. అక్షరముల ఆటయే; అర్థము మాత్రము ఆటలోనే యున్నది.

అమెరికాలో ఏటేట జరుగు జాతీయ స్పెల్లింగ్ పోటీయును ఈ దారికే వచ్చినది. ఆ పోటీలో కొన్ని దశాబ్దములుగా భారత సంతతి బాలబాలికలు, వారిలో తెలుగిండ్ల పిల్లలును, మిక్కిలిగా రాణించుచున్నారు. అక్కడ పిల్లవాడు వర్ణక్రమము చెప్పుటకు ముందు మాట యొక్క అర్థమును, అది ఏ భాషనుండి వచ్చినదో దానిని అడుగవచ్చును. 2003లో విజయము తెచ్చిన మాట 'పోకోక్యురాంటీ'. ఇటాలియనున పోకో యనగా కొంచెము, కురాంటే యనగా పట్టించుకొనువాడు. దేనిని పట్టించుకొనని ఉదాసీనుడు అని అర్థము. ఆ రెండు ముక్కలు తెలిసినవానికి వర్ణక్రమము తానై వచ్చును. 2013 నుండి అర్థములను గూర్చిన పరీక్షను గూడ నిర్వాహకులు పోటీలో చేర్చిరి.

అయినను ఈ వాదములేవియు మా మేనల్లుని కదల్చలేదు. వానిని కదల్చినది వేరొక సంగతి.

ఇంగ్లీషు నిఘంటువులలో కెల్ల దీర్ఘమైనదిగా పేరుపొందిన నలుబదియైదు అక్షరముల మాట యొకటి కలదు: 'న్యూమొనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్'. 1935లో అమెరికాలోని జాతీయ పదక్రీడాకారుల సంఘమునకు అధ్యక్షుడుగా నున్న ఎవరెట్ స్మిత్ దీనిని కల్పించెను. వైద్యులు వాడుటకు గాక, అన్నింటికంటె పొడుగు మాట కావలెనని పుట్టించినది. విప్పిన ఇట్లుండును: న్యూమొనో, ఊపిరితిత్తి, అల్ట్రామైక్రోస్కోపిక్, సూక్ష్మదర్శినికిని అందనంత సన్నని, సిలికో, చెకుముకిరాతి సంబంధమైన, వోల్కేనో, అగ్నిపర్వతపు, కోని, దుమ్ము, ఓసిస్, రోగస్థితి. అనగా మిక్కిలి సన్నని రాతిదుమ్మును పీల్చుటచే ఊపిరితిత్తులకు వచ్చు వ్యాధి.

మా మేనల్లుడు దీనిని వల్లించి, వచ్చినవారందరి యెదుట ఒక్క ఊపిరిలో అప్పజెప్పుచుండెను. ఒకనాడు మా పొరుగింటి పెద్దాయన వచ్చిరి. ఆయనది చిత్తూరు ప్రాంతము. వారి తండ్రి కోలారు బంగారుగనులలో పని చేసినవాడు. బాలుడు మాట ముగించి మెప్పుకై చూచెను. ఆయన, "బాగుంది నాయనా. దాని అర్థమేమిటి?" అని అడిగిరి. వాడు మా వంక చూచెను. మేము పైని చెప్పిన రీతిగా విడమరచితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "అంత పెద్ద పేరు ఉందని మాకు తెలీదు. మా నాయన 'దుమ్ము రొమ్ములో కూర్చుంది' అనేవాడు. రాత్రిళ్ళు పడుకోలేక గోడకానుకుని కూర్చునేవాడు," అని చెప్పి, కాఫీ త్రాగి వెళ్ళిపోయిరి.

శ్రోతలారా, ఆ వ్యాధికి వాడుకలోనున్న అసలు పేరు 'సిలికోసిస్'. తొమ్మిదక్షరములే. అగ్నిపర్వతముతో పనిలేదు, రాతిని తొలుచుచోట, పగులగొట్టుచోట, నూరుచోట రేగు స్ఫటికశిలల సన్నని దుమ్ము చాలును. 1940ల దశకమున కోలారు గనులలో వేలకొలది కార్మికులను పరీక్షింపగా ప్రతి పదిమందిలో నలుగురికి మించి ఈ వ్యాధి లక్షణములు కనిపించినవి. ఆ గనులు 2001లో మూతపడినవి గాని వ్యాధి మూతపడలేదు. మధ్యప్రదేశమున మంద్‌సౌర్ ప్రాంతములో, బడిపిల్లలు వ్రాసికొను పలకబలపములను కోయు కార్మికులు దీనికి బలియగుచు వచ్చిన సంగతి వైద్యులెరిగినదే. అక్షరములు దిద్దుటకు మన చేతికి వచ్చిన బలపములో ఆ దుమ్మును కలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ వ్యాధిని ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఊపిరితిత్తిలో ఒకసారి ఏర్పడిన మచ్చను మాన్పు మందు లేదు. నీళ్ళు చల్లుచు రాతిని తొలుచుట, దుమ్మును యంత్రములతో లాగివేయుట, కార్మికులకు తగిన ముఖరక్షణ నిచ్చుట అను ముందు జాగ్రత్తలే మార్గము.

ఆ రాత్రి మా మేనల్లుడు ఆటపెట్టె తీయలేదు. "మామయ్యా, ఆయన వాళ్ళ నాన్నకి ఎన్నేళ్ళప్పుడు వచ్చిందట?" అని అడిగెను. మాకు తెలియదంటిమి. మరునాడు వాడు యథాప్రకారము ఆడెను. మమ్ము ఓడించెను గూడ. వాని పదముల నోటుపుస్తకములో మాత్రము మాటల కెదురుగా కుడివైపున ఒక గీత గీసి, కొత్త వరుస మొదలుపెట్టియుండుట చూచితిమి. 'చీ' అను మాట కెదురుగా 'ప్రాణం' అని వ్రాసియుండెను.

పదక్రీడలాడువారికి మా మనవి ఇంతే. ఆడుడు, అక్షరములు లెక్కించుడు, ఏబది పాయింట్లకై ప్రాకులాడుడు. అందు దోషమేమియు లేదు. కాని రోజునకొక మాటనైన విప్పి చూడుడు. ముందేమి చేరినదో, నడుమ ఏమున్నదో, ఏ దేశమునుండి ఎవరి నోట ప్రయాణము చేసి వచ్చినదో తెలిసికొనుడు. విప్పిన మాట జ్ఞాపకములో నిలుచును గనుక ఆటకును లాభమే. ఇక మాకు మేము చెప్పుకొను మాట యొకటి: తడబడక చదువుట చాలదు. రేపు వార్తలలో ఆ తొమ్మిదక్షరముల మాట వచ్చినచో, గోడకానుకొని కూర్చున్న మనుష్యుని తలచుకొని చదివెదము.